విత్తనపు పోతు ఎంపిక: ఆండీస్ లామాల చరిత్ర

లామాను మనిషి మచ్చిక చేసుకున్నది ఆండీస్ పర్వతాల్లో, సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున, చెట్టు పెరగని పూనా గడ్డినేలల్లో. సుమారు 6,000 ఏళ్ల కిందట అక్కడి వేటగాళ్లు గ్వానకో అనే అడవి జంతువును మందకట్టి కాపరులయ్యారు. ఆ సంతతే లామా. దాని చుట్టమైన అల్పాకాకు మూలం వికూన్యా. బరువుకు లామా, ఉన్నికి అల్పాకా అనడం నేటి మాట. పూర్వం సన్నటి ఉన్నినిచ్చే లామాలూ ఉండేవి.

దీనికి సాక్ష్యం పెరూ దక్షిణాన, మొకేగ్వా లోయలోని ఎల్ యరాల్ దగ్గర దొరికింది. సుమారు 1,000 ఏళ్ల కిందట చిరిబాయా ప్రజలు బలి ఇచ్చి ఇళ్ల నేల కింద పాతిపెట్టిన లామాలు, అల్పాకాలు ఆ ఎండునేలలో తోలూ బొచ్చూ చెడకుండా నిలిచిపోయాయి. పరిశోధకురాలు జేన్ వీలర్, ఆమె సహచరులు ఆ బొచ్చును పోగుపోగుగా కొలిచి చూస్తే, ఒంటినిండా దాదాపు ఒకే మందం. నేటి మందల్లో అంత సమానమైన ఉన్ని అరుదు. తరతరాలుగా విత్తనపు పోతును ఏరికోరి నిలుపుకున్న చోటే అలాంటి ఉన్ని పుడుతుంది.

ఆండీస్‌ను ఏలిన ఇంకాల కాలానికి ఈ ఎంపిక రాజ్యం పట్టించుకునే పని అయింది. మందలను రంగుల వారీగా విడదీసేవారు. తల్లిదండ్రుల రంగు రాని పిల్ల పుడితే, కాస్త పెరిగాక దాన్ని తన రంగు మందలోకి మార్చేవారనీ, లెక్కకు వాడే కిపు తాళ్లు కూడా ఆ పశువుల రంగుల్లోనే ఉండేవనీ చరిత్రకారుడు గార్సిలాసో దె లా వేగా రాశాడు. కరాచా అనే గజ్జి తగిలిన జంతువును వెంటనే పాతిపెట్టాలన్నది నియమం. కఠినమైన నియమమే, కానీ మందు లేని రోజుల్లో మిగతా మందను కాచింది అదే.

1532లో స్పెయిన్ సేనలు వచ్చాక ఈ కట్టుబాటు తెగిపోయింది. 1544, 1545 సంవత్సరాల్లో గజ్జి చెలరేగి మూడింట రెండు వంతుల పశువులు పోయాయని గార్సిలాసో లెక్క. పంది కొవ్వు కరిగించి పూయడం అప్పుడు జనం కనిపెట్టుకున్న వైద్యం. మిగిలిన లామాలు పొటోసి గనుల వెండి రాయి మోయడానికి వెళ్లాయి. పోయిన తలలకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: ఏ పోతు ఏ మందదో ఎరిగిన కాపరులు చెదిరిపోయారు. లామాలు, అల్పాకాలు కలగలిసి సంకరమయ్యాయి, ఉన్ని ముతకబారింది.

పోతు ఎంపిక ఇంత ముఖ్యం కావడానికి కారణం లామా శరీరధర్మంలోనే ఉంది. ఆడ లామాకు ఆవులా నెలనెలా ఎద రాదు. పోతు దాటినప్పుడే అండం విడుదలవుతుంది. 11 నెలల పైన మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. కాబట్టి మందలో విడిచిన పోతు ఏ కాలంలోనైనా చూడి కట్టించగలదు, అడ్డు లేకపోతే తన కూతుళ్లను కూడా. అలాంటి మందల్లో కనిపించే ఒక పుట్టులోపంలో పిల్లకు ముక్కు వెనుక దారి మూసుకుని ఉంటుంది. నోటితోనే ఊపిరి పీల్చాలి, చన్ను పట్టుకుంటే ఊపిరాడదు. రెండు గుక్కలు తాగి, వదిలేసి, నోరు తెరిచి రొప్పుతుంది. ఇది వంశంలో వచ్చేదని పశువైద్యుల అనుమానం. అందుకే అలాంటి పిల్లను కన్న జంటను మళ్లీ కలపవద్దంటారు.

అమెరికాలో ఈ జాగ్రత్త ఆలస్యంగా వచ్చింది. గాలికుంటు వ్యాధి భయంతో 1930లో దిగుమతి ఆగిపోవడంతో, దశాబ్దాల పాటు అక్కడున్న కొద్దిపాటి మందల నుంచే సంతతి పెరిగింది. 1980ల్లో లామాల ధరలు ఆకాశాన్నంటినప్పుడు విత్తు కొట్టాల్సిన పోతులను కూడా విత్తనానికి నిలిపారు. ధరలు కూలాక వాటిని అడిగే దిక్కు లేకపోయింది. 2010-11 చలికాలంలో మొంటానా రాష్ట్రంలో ఒక పశు ఆశ్రయం మూతపడి, వందల లామాలను ఇతర రాష్ట్రాలకు తరలించాల్సి వచ్చింది. ఇలా చేరదీసిన మందల దగ్గర స్వచ్ఛందంగా పనిచేసే పశువైద్యుడి తొలి పనుల్లో ఒకటి పోతులకు విత్తు కొట్టడం. డబ్బు రాని, పేరు రాని పని. అది జరగనిదే రక్షించిన మంద ఏడాదికే మళ్లీ పెరిగిపోతుంది.

పెరూలో పశువైద్యుడు చేరలేని ఎత్తైన ఊళ్లకు మరో దారి దొరికింది. 1996లో కుస్కో ప్రాంతంలోని సికువానిలో కాపరి కుటుంబాల స్త్రీ పురుషులకు స్థానిక కెచువా భాషలోనే పశువైద్యం నేర్పడం మొదలైంది. అలా నేర్చినవాళ్లను కమాయొక్ అంటారు. ఇంకాల నాడు రాజ్యపు మంద బాధ్యత మోసిన కాపరికీ ఇదే పేరు: లామా కమాయొక్. నేటి కమాయొక్‌లు సొంత ఊళ్లోనే ఉంటారు. అర్ధరాత్రి పిల్ల అడ్డం తిరిగినా పిలిస్తే వస్తారు, చేసిన పనికి కొందరు డబ్బిస్తారు, కొందరు ధాన్యమో కూలిపనో ఇస్తారు.