డిస్కును విడదీసే విద్య

కంప్యూటర్‌లో ఏ సమాచారం ఏ పేరుతో ఎక్కడ ఉన్నదో లెక్క కట్టి ఉంచే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. ఆ ఏర్పాటు ఒక్క డిస్కుకు పరిమితం కాక, రెండో పదో డిస్కులను కలిపి ఒకే నిల్వగా పాలించినప్పుడు అది బహుళ డిస్కుల ఫైల్ సిస్టమ్ అవుతుంది. అటువంటి నిల్వలో కొత్త డిస్కును చేర్చటం, పాతబడినదాన్ని తీసివేయటం, చెడిపోయినదాని స్థానంలో మంచిదాన్ని నిలపటం అనే పనులను నిర్వాహకుడు నేరుగా చేయలేడు. హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య నిలిచి యంత్రాన్నంతటినీ నడిపే కెర్నెల్‌ను అడిగి చేయించుకోవాలి. ఇలా అడిగే పద్ధతి ఎలా ఏర్పడి ఎలా మారుతూ వచ్చిందో వరుసగా పరిశీలిస్తే, డిస్కును చేర్చే విద్య త్వరగానే పట్టుబడినా, సమాచారం చెదరకుండా విడదీసే విద్య కుదురుకోవటానికి దశాబ్దాలు పట్టిందనీ, ఒక ఫైల్ సిస్టమ్ పరిణతికి ఈ రెండో విద్యే సరైన కొలమానమనీ స్పష్టమవుతుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్‌లో ఒక ఫైల్ సిస్టమ్ ఒక డిస్కులోనో, ఆ డిస్కులోని ఒక భాగంలోనో ఇమిడి ఉండేది. రెండో డిస్కు వస్తే దానిపై వేరే ఫైల్ సిస్టమ్‌ను నిర్మించి, అప్పటికే ఉన్న డైరెక్టరీల చెట్టుకు ఒక కొమ్మలా తగిలించేవారు. దానినే మౌంట్ చేయటం అన్నారు. ఒక కొమ్మలో చోటు నిండిపోతే పక్క కొమ్మలో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకు వచ్చేది కాదు. పరికరాలను కూడా ఫైళ్లలాగే తెరిచి, చదివి, రాసి, మూయవచ్చుననేది యూనిక్స్ మూలసూత్రం. అయితే టెర్మినల్ వేగాన్ని మార్చటం వంటి పనులు ఈ నాలుగు క్రియల్లో దేనికీ లొంగవు. వాటి కోసం మొదట్లో ఎస్‌టీటీవై, జీటీటీవై అనే ప్రత్యేక పిలుపులు ఉండేవి. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడో కూర్పులో ఆ అవసరాన్ని విస్తరించి, ఏ పరికరానికైనా పనికివచ్చేలా ఐఓసీటీఎల్ అనే ఒకే సిస్టమ్ కాల్‌ను, అంటే ప్రోగ్రాము తన కోరికను కెర్నెల్‌కు వినిపించుకునే ద్వారాన్ని, ఏర్పరిచారు. తెరిచి ఉన్న ఫైలును చూపి, చేయవలసిన పనిని ఒక సంఖ్యతో చెప్పి, దానికి కావలసిన వివరాలు మెమొరీలో ఎక్కడున్నాయో తెలిపితే, ఆ పరికరపు డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, సంఖ్యను బట్టి పని నెరవేరుస్తుంది. ఏ సంఖ్యకు ఏ అర్థమో నిర్ణయించుకునే స్వేచ్ఛ డ్రైవర్‌కే ఉండటం వల్ల, తరవాతి కాలంలో డిస్కుల నిర్వహణలో చాలా భాగం ఈ ద్వారం గుండానే సాగింది.

ఎన్నో డిస్కులను ఒకటిగా వాడే ఆలోచనకు 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ ప్రకటించిన పరిశోధన పత్రం బలమైన పునాది వేసింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవకైన చిన్న డిస్కుల బృందాన్ని వాడవచ్చుననీ, అయితే డిస్కుల సంఖ్య పెరిగినకొద్దీ ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది గనుక సమాచారానికి అదనపు ప్రతిని గానీ, పోయినదాన్ని తిరిగి లెక్కగట్టే ఆధారాన్ని గానీ దాచి ఉంచాలనీ వారు ప్రతిపాదించారు. రెయిడ్ అనే పేరుతో స్థిరపడిన ఈ పద్ధతిని యూనిక్స్ తరహా వ్యవస్థ అయిన లైనక్స్‌లో ఎండీ అనే డ్రైవర్ అమలు చేసింది. డిస్కును చేర్చటానికి, చెడిపోయినట్లు ప్రకటించటానికి, తొలగించటానికి అందులో వేరువేరు ఐఓసీటీఎల్ పిలుపులు ఉన్నాయి. నీల్ బ్రౌన్ 2001లో మొదలుపెట్టిన ఎండీఏడీఎం అనే పనిముట్టు ఆ పిలుపులను నిర్వాహకులకు సులభమైన ఆదేశాలుగా అందించింది. ఈ డ్రైవర్ ఫైల్ సిస్టమ్‌కు కింది పొరలో ఉంటుంది కాబట్టి ఏ బ్లాకులో ఫైలు ఉన్నదో, ఏది ఖాళీయో దానికి తెలియదు; డిస్కును మార్చినప్పుడు ఖాళీ చోటుతో సహా మొత్తాన్నీ తిరిగి రాయవలసి వచ్చేది. లెక్క తెలిసినవాడు పై పొరలోనూ, డిస్కులు మోసేవాడు కింది పొరలోనూ ఉండిపోవటమే ఆ నిర్మాణంలోని అసలు లోపం.

ఆ రెండు బాధ్యతలనూ ఒకరికే అప్పగించిన తొలి ప్రయత్నాలలో డిజిటల్ సంస్థ 1990ల్లో తన యూనిక్స్‌కు అందించిన అడ్వాన్స్‌డ్ ఫైల్ సిస్టమ్ ముఖ్యమైనది. కొన్ని డిస్కులను ఒక ఉమ్మడి క్షేత్రంగా కలిపి, ఫైల్ సిస్టమ్ వాడకంలో ఉండగానే యాడ్‌వాల్ ఆదేశంతో ఒకదాన్ని చేర్చటానికీ, ఆర్‌ఎమ్‌వాల్ ఆదేశంతో ఒకదానిలోని ఫైళ్లను మిగిలినవాటికి తరలించి దాన్ని తొలగించటానికీ అది వీలు కల్పించింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ అహ్రెన్స్ 2001లో ఆరంభించి, 2005లో సొలారిస్‌లో చేర్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ ఉమ్మడి నిల్వ భావనను లోకవ్యాప్తం చేసింది. అందులో కొత్త డిస్కుల బృందాన్ని చేర్చటం ఒక్క ఆదేశంతో, క్షణాల్లో ముగిసేది. అద్దం ప్రతుల్లో, అంటే ఒకే సమాచారాన్ని మోసే డిస్కుల్లో, ఒకదాన్ని ఊడదీయటమూ సాధ్యమే. కాని నిల్వలో మూలభాగంగా చేరిన డిస్కును వెనక్కు తీసుకునే మార్గం చాలాకాలం లేదు. దీనికి కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది: ప్రతి బ్లాకు చిరునామాలో ఏ పరికరం, అందులో ఏ స్థానం అనే వివరం నేరుగా రాసి ఉంటుంది, గత కాలపు స్థితిని మార్పు లేకుండా భద్రపరిచే స్నాప్‌షాట్‌లు కూడా అవే చిరునామాలను పట్టుకుని ఉంటాయి, వాటిని తిరిగి రాయటమంటే రాతి మీద చెక్కిన శాసనాన్ని చెరిపి మళ్లీ చెక్కటం వంటిది. చివరకు పాత చిరునామాకు కొత్త చోటును చూపే పట్టికను నిర్మించి ఈ చిక్కును విప్పారు. లైనక్స్‌లో వాడేవారికి ఆ సౌకర్యం 2019లో వచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఆన్ లైనక్స్ 0.8 కూర్పుతో అందింది. అప్పటికి కూడా అది అద్దం పద్ధతిలోనో, ఒంటరిగానో ఉన్న డిస్కులకే వర్తించింది.

2007లో ఒరాకిల్ సంస్థలో ఉండగా క్రిస్ మేసన్ ఆరంభించి, 2009లో లైనక్స్ 2.6.29తో కెర్నెల్‌లో చేరిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇదే సమస్యను మొదటి నుంచే మరో దారిలో ఎదుర్కొంది. ఇందులో ఫైళ్లు పట్టుకుని ఉండేది ఊహాత్మకమైన చిరునామాను. సాధారణంగా ఒక గిగాబైటు పరిమాణముండే ఖండాలను ఏ డిస్కులో ఎక్కడ ఉంచినదీ వేరే పట్టిక చెబుతుంది గనుక, ఖండాన్ని తరలించినా ఫైలు చిరునామా మారదు. తొలగింపు కోరిక వచ్చినప్పుడు నిర్వాహకుడు వాడే పనిముట్టు 4,096 బైట్ల వివరపత్రంలో డిస్కు పేరు నింపి, మౌంట్ అయిన డైరెక్టరీ మీద ఐఓసీటీఎల్ పిలుపు పంపుతుంది. కెర్నెల్ మొదట అడిగినవారికి నిర్వాహకాధికారం ఉన్నదా, ఇటువంటి మరో పెద్ద పని నడుస్తున్నదా అని చూస్తుంది. తరవాత, ఈ డిస్కు పోతే మిగిలేవి ఎంచుకున్న రక్షణ పద్ధతికి సరిపోతాయా అని లెక్క వేస్తుంది. ప్రతి ఖండానికీ రెండు ప్రతులు ఉండాలన్న పద్ధతిలో ఉన్నవే రెండు డిస్కులైతే కోరికను నిరాకరిస్తుంది; యూనిక్స్ నాటి సాధారణ దోష సంఖ్యలు ఇటువంటి కారణాన్ని తెలుపలేవు కాబట్టి, నిరాకరణకు కారణాల జాబితాను ప్రత్యేకంగా సమకూర్చారు. అన్నీ సరిపడితే ఆ డిస్కుకు కొత్త ఖండాలు కేటాయించటం ఆపి, దాని చివరి నుంచి మొదటికి వస్తూ ఒక్కొక్క ఖండాన్నీ ఇతర డిస్కులకు తరలించి, పట్టికలో దాని పేరు కొట్టివేసి, ఆఖరున దాని మీద ఉన్న సూపర్‌బ్లాకులను, అంటే ఇది ఫలానా నిల్వకు చెందినదని చాటే ముద్రలను, చెరిపేస్తుంది. పెద్ద డిస్కుల విషయంలో ఈ పిలుపు తిరిగి రావటానికి గంటలు పట్టవచ్చు. చేర్చే పిలుపు మాత్రం ఏ ఖండాన్నీ కదపదు కాబట్టి వెంటనే ముగుస్తుంది.

డిస్కును ఏ పేరుతో పిలవాలన్నది ఈ చరిత్రలో మరో చిక్కు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు యంత్రం మొదలైనప్పుడు పరికరాలు కనిపించిన క్రమాన్ని బట్టి వచ్చేవే గనుక నేటి పేరు రేపు మరో డిస్కుకు చెల్లవచ్చు. పూర్తిగా పాడై కనిపించకుండా పోయిన డిస్కుకు చెప్పటానికి పేరే మిగలదు. తొలి పిలుపులో దాని బదులు ‘కనబడనిది’ అనే అర్థమిచ్చే మాటను రాసేవారు. కనబడనివి రెండుంటే దేన్ని ఉద్దేశించారో తేల్చి చెప్పే మార్గం ఉండేది కాదు. అందువల్ల 2016లో వచ్చిన లైనక్స్ 4.7 కూర్పులో, ఫైల్ సిస్టమ్ స్వయంగా ఇచ్చిన శాశ్వత సంఖ్యతో డిస్కును గుర్తించే రెండో తొలగింపు పిలుపును ప్రవేశపెట్టారు.

కెంట్ ఓవర్‌స్ట్రీట్ నిర్మించి, 2024 జనవరిలో లైనక్స్ 6.7తో కెర్నెల్‌లో ప్రవేశించిన బీక్యాష్‌ఎఫ్‌ఎస్ తొలగింపు పిలుపుల పదజాలాన్ని ఇంకా సూక్ష్మం చేసింది. డిస్కును శాశ్వతంగా తీసివేయటం, తాత్కాలికంగా పక్కన పెట్టటం, దాని స్థితిని మార్చటం అనేవి అక్కడ వేరువేరు పిలుపులు. బలవంతంగా తీసివేయదలచినవారు సమాచారం పోయినా సరేనా, ఫైళ్ల లెక్కలు పోయినా సరేనా, రక్షణ తగ్గినా సరేనా అన్నది విడివిడిగా అంగీకరించాలి. ఆ ఫైల్ సిస్టమ్‌ను 2025లో ప్రధాన కెర్నెల్ నుంచి తొలగించినా, ఏ నష్టానికి ఒప్పుకుంటున్నారో నిర్వాహకుడి చేత స్పష్టంగా చెప్పించుకునే ఆ మర్యాద నేర్చుకోదగినది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పిలుపుల జాబితాలో డిస్కును చేర్చే పిలుపు సంఖ్య 10, తొలి తొలగింపు పిలుపు సంఖ్య 11, శాశ్వత సంఖ్యను అంగీకరించే రెండోదాని సంఖ్య 58. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదన్నది లైనక్స్ కెర్నెల్ పాటించే నియమం కాబట్టి, మెరుగైన పిలుపు వచ్చిన తరవాత కూడా 11వ సంఖ్య తన స్థానంలోనే కొనసాగుతున్నది. ఆ రెండు తొలగింపు పిలుపుల సంఖ్యల నడుమ ఉన్న 47 స్థానాల దూరంలో, డిస్కును విడదీయటమంటే ముందుగా దానిని తప్పు లేకుండా గుర్తించటమేనని నిర్మాతలు నేర్చుకున్న కాలమంతా నమోదై ఉన్నది.