తొలి నవల అచ్చయ్యాక

శేరిలింగంపల్లి చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఈ రోజుల్లో నవలలు వ్రాస్తున్న ఆడవాళ్ళు తక్కువేమీ లేరు. పగలంతా మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కంప్యూటరు ముందు ఉద్యోగం. ఇంటికొచ్చి, వంటా వార్పూ ముగించి, పిల్లలు నిద్రపోయాక మళ్ళీ అదే కంప్యూటరు ముందు కూర్చుని నవల. ఏడాదికో రెండేళ్ళకో అది పూర్తవుతుంది. అసలు చిక్కంతా అప్పుడే మొదలు. ఎవరు వేస్తారు? ఎవరు కొంటారు? చివరికి జీతంలోంచి కొంత తీసి రెండు మూడు వందల ప్రతులు తానే అచ్చు వేయించుకుంటుంది. అట్టపెట్టెలు మంచం కిందికి చేరతాయి. తెలిసినవాళ్ళందరికీ, “నా నవల వచ్చింది, కొని చదవండి” అని ఫోనులో కబురు పెడుతుంది. ఇంకేముంది, చుట్టాల్లో ఒకరు అననే అంటారు: “పుస్తకం బాగుంటే దానంతటదే అమ్ముడుపోదూ? ఇలా నీ డప్పు నువ్వే కొట్టుకోవాలా?”

ఈ మాట మగవాడిని ఒక పూట బాధిస్తుంది. ఆడదానికైతే మళ్ళీ కలం పట్టుకోబుద్ధి కాకుండా చేస్తుంది. అందుకే అడుగుతున్నాను, తెలుగు నవల ఎప్పుడైనా దానంతటదే అమ్ముడుపోయిందా? కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం రండి.

1872లో నరహరి గోపాలకృష్ణమచెట్టి గారనే డిప్యూటీ కలెక్టరు ‘శ్రీరంగరాజ చరిత్ర’ అనే కథ అచ్చు వేయించారు. ప్రజల ఆచార వ్యవహారాలను చూపే పుస్తకాలు రావాలని లార్డ్ మేయో చేసిన ప్రకటన ఆయనను కదిలించిందట. అప్పటికి మనకు ‘నవల’ అన్న మాటే లేదు కాబట్టి ఆయన దాన్ని ‘నవీన ప్రబంధం’ అన్నారు. ఆరేళ్ళ తర్వాత, 1878లో, కందుకూరి వీరేశలింగం పంతులు గారి ‘రాజశేఖర చరిత్రము’ ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో విడతలు విడతలుగా వచ్చింది. 1880లో పుస్తకమైంది. దాన్ని సమీక్షించిన కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి గారే ‘నవల’ అన్న పేరు తెచ్చారు. 1887 నాటికి అది ఇంగ్లీషులోకి వెళ్ళి లండనులో కూడా అచ్చయింది.

మరి మన పాఠ్యపుస్తకాల్లో తొలి నవలాకారుడెవరని చదువుకున్నాం? పంతులు గారని. తెలుగులో మొదటి వచన ప్రబంధం చేసింది తానేనని ఆయన స్వయంగా వ్రాసుకున్నారు కూడా. నేను పంతులు గారిని తప్పుపట్టడం లేదు. ఆడపిల్లల చదువుకోసం, వితంతువుల పెళ్ళిళ్ళకోసం ఆయన పడిన పాట్లు మనం మరిచేవి కావు. రాజశేఖర చరిత్రము నవలగా ఎక్కువ పట్టున్నదన్న మాటా నిజమే. కానీ ఒక సంగతి గమనించండి. పంతులు గారికి పత్రిక ఉంది, అచ్చుకూటం ఉంది, శిష్యులున్నారు, తన మాట తాను చెప్పుకునే ధైర్యం ఉంది. డిప్యూటీ కలెక్టరు గారికి అవేవీ లేవు. ముందు వచ్చిన పుస్తకం వెనకబడింది. దాని పేరు మళ్ళీ పైకి తీసి, ఇదిగో ఇదీ ఉంది అని వాదించడానికి తర్వాతి పరిశోధకులు పూనుకోవలసి వచ్చింది. ఆ వాదం ఇంకా తెగలేదు. చెప్పుకోకపోవడంలో ఎంత నష్టముందో దీన్నిబట్టి తెలియడం లేదూ?

ఇక మన తెలంగాణ సంగతి. ఇక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి గారి కథ చెప్పకుండా ముందుకు పోలేను. నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో 1915లో పుట్టారు. పేదరికం. హోటల్లో పనిచేశారు, ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం వేసేవాడే అరుదైన రోజుల్లో, 1938లో, సికింద్రాబాదులో ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టారు. వేసిన పుస్తకాలు కొట్లో పెట్టుకుని కూర్చుంటే కొనేవాళ్ళు రారు కదా! సంచిలో పెట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అదీ ముందు తన పుస్తకం కాదు, ఇతరులవి. జైలుకూ వెళ్ళారు. నిజామాబాదు జైల్లో దాశరథి గారు, ఆయన ఒకచోటే ఉన్నారు. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు.

ఆయన మొదటి నవల ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. అంటే సొంత నవల అచ్చులో చూసుకునే ముందు పదిహేడేళ్ళు పుస్తకమనేది పాఠకుడి చేతికి ఎలా చేరుతుందో కాళ్ళరిగేలా తిరిగి నేర్చుకున్నారన్నమాట. రెండో నవల ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో కన్నుమూశారు. ఆ సంచి మోసిన మనిషిని డప్పు కొట్టుకున్నాడని ఎవరైనా అనగలరా?

అయితే మీరు అడగవచ్చు, ఆ కాలంలో ఒక ఆడమనిషి పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఊళ్ళు తిరగగలిగేదా అని. తిరగలేదు. అందుకే మన రచయిత్రులకు వారపత్రిక, మాసపత్రిక అంత వరమయ్యాయి. గడప దాటనక్కరలేదు. తెల్లకాగితానికి ఒకవైపు వ్రాసి, తిప్పి పంపడానికి స్టాంపులు జతచేసి పోస్టు చేస్తే చాలు. నచ్చితే సంపాదకుడు వేస్తాడు, బొమ్మ వేయిస్తాడు, వచ్చేవారం ఏమవుతుందోనని పాఠకులను ఊరిస్తాడు. ప్రచారం పత్రికదే, రచయిత్రి ఇంట్లో కూర్చుని తర్వాతి భాగం వ్రాసుకోవచ్చు. కాజ అనే పల్లెటూళ్ళో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి తొలి నవల ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో అలాగే వచ్చింది, 1976లో సినిమా కూడా అయింది. ఎమెస్కో వారి ఇంటింటి గ్రంథాలయం పథకంలో పుస్తకాలు పోస్టులో నేరుగా ఇళ్ళకే వచ్చేవి. ఇప్పటివాళ్ళు మనతో పోల్చి చూపేది ఆ రోజులనే. “ఆవిడ ఏనాడైనా నా పుస్తకం కొనండని అడిగిందా?” అంటారు. అడగలేదు, నిజమే. ఆవిడ తరఫున అడిగేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. ‘ఆంధ్రపత్రిక’ 1991లో ఆగిపోయింది. ‘జ్యోతి’ లేదు, ‘యువ’ లేదు.

పత్రికల మీద ఆధారపడడం ఎప్పుడూ సుఖమే అనీ అనుకోకండి. సంపాదకుడు వద్దంటే అక్కడితో సరి. ఆ సంగతి ముందుగానే గ్రహించినవారు రంగనాయకమ్మ గారు. ఆవిడ తొలి నవల ‘కృష్ణవేణి’ 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో వచ్చింది. తర్వాత ‘బలిపీఠం’తో పేరు మారుమోగింది. అంత పేరున్న మనిషి ఇంకొకరి దయమీద ఎందుకని, తన నవల పేరే పెట్టి ‘స్వీట్ హోమ్ పబ్లికేషన్స్’ అని సొంతంగా పుస్తకాలు వేసుకున్నారు. లావుపాటి పుస్తకానికి కూడా చాలా తక్కువ ధర పెట్టడం ఆవిడ పద్ధతి. ఆవిడ అభిప్రాయాలతో మీకు పేచీ ఉండవచ్చు, నాకూ కొన్నిచోట్ల ఉంది. లెక్క మాత్రం నేర్చుకోదగ్గది. ఆ ప్రచురణల చిరునామా దుర్గం చెరువు దగ్గరే. ఏ ఐటీ కంపెనీల అద్దాల మేడల మధ్య మన కొత్త నవలా రచయిత్రి బస్సు కోసం నిలబడుతోందో, ఆ దాపునే అన్నమాట.

కాబట్టి అమ్మాయీ, పెట్టెలు మంచం కిందినుంచి బయటికి తీయి. డిసెంబరులో పుస్తక ప్రదర్శన పెడతారు, నలుగురు రచయిత్రులు కలిసి ఒక స్టాలు తీసుకోండి. పోస్టు సంగతి మాత్రం ముందే కనుక్కో. చిన్న ప్రచురణకర్తలు ఎంతో కాలంగా నమ్ముకున్న రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. నూరు రూపాయల నవల పంపడానికి దాదాపు అందులో సగం ఖర్చయితే ఎవరు కొంటారు చెప్పు? 2025 మేలో ‘జ్ఞాన్ పోస్ట్’ అని కొత్తది మొదలుపెట్టారు. మొదలుపెట్టినప్పుడు మూడు వందల గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100, పైన పన్ను అన్నారు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో తప్పకుండా ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలుంటే తీసుకోరు. నవలను ఆ లెక్కలోకి తీసుకుంటారో లేదో కౌంటరు దగ్గర ఒక ప్రతి చూపించి అడుగు. తూకం మూడు వందలు దాటకుండా ఉండాలంటే ఎలాంటి కాగితం వాడాలో అచ్చు వేయించక ముందే ప్రెస్సువాళ్ళతో మాట్లాడుకో.