శౌచమే ప్రథమ పాఠం



పాఠశాలలో బాలబాలికలకు దేహధర్మాన్ని, మనోధైర్యాన్ని, సమాజంలో మెలగవలసిన తీరును బోధించడం పరదేశాల నుండి వచ్చిన విద్య అనే మాట మన ఆలయ ప్రాంగణాలలో తరచు వినబడుతుంది. ఈ అభిప్రాయాన్ని శాస్త్రదృష్టితోనూ, చరిత్రదృష్టితోనూ పరిశీలించుదాం.

మనుస్మృతి ద్వితీయాధ్యాయం ప్రకారం ఉపనయనం చేసిన గురువు శిష్యునికి మొట్టమొదట నేర్పవలసినది శౌచం. ఆ పిమ్మటనే ఆచారం, అగ్నికార్యం, సంధ్యోపాసనం. చరకసంహిత సూత్రస్థానం సప్తమాధ్యాయంలో అణచరాని మలమూత్రాది వేగాలు, అణచవలసిన క్రోధలోభాది వేగాలు ఒకేచోట చెప్పబడినవి. అనగా దేహం, మనస్సు రెండూ ఒకే పాఠం. అష్టమాధ్యాయంలోని సద్వృత్తం ఇతరులతో మెలగే తీరును కూడా ఆరోగ్యానికి అంగంగా చేర్చింది. ఇక తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి, విద్య ముగించిన శిష్యునికి మాతాపితరుల యెడ, అతిథుల యెడ ప్రవర్తించవలసిన విధిని ఉపదేశించింది.

అయితే ఒక సత్యాన్ని దాచరాదు. ఆ గురూపదేశం ఉపనీతులైన కొద్దిమంది బాలురకే లభించింది. బాలికలకూ, శ్రమజీవుల బిడ్డలకూ ఆ ద్వారం తెరుచుకోలేదు. ఆ లోపాన్ని పూరించవలసిన బాధ్యత ఆధునిక కాలంలో పాఠశాలపై పడినది.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో 1880లో జన్మించిన ఆచంట లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై, అనంతరం ఆయుర్వేదాన్ని అభ్యసించి, ఆ విద్య ప్రచారానికి జీవితాన్ని అర్పించారు. ఆయన ధర్మపత్ని రుక్మిణీ లక్ష్మీపతి 1946లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్య మంత్రిణి అయ్యారు. ప్రాచీన జ్ఞానం, నవీన జ్ఞానం పరస్పర శత్రువులు కావని ఆ గృహమే నిరూపించింది.

2005లో కేంద్ర ప్రభుత్వం కౌమార విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించినది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సంస్కృతికి విరుద్ధమని దానిని నిరాకరించినవి. 2020లో ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 11 అంశాలతో వచ్చినది. మానసిక స్వస్థత, పోషణ, పరిశుభ్రత, మాదకద్రవ్య నివారణ, స్త్రీపురుష సమానత్వం, హింస నుండి రక్షణ, అంతర్జాల వినియోగం అందులోనివి. ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు వీటిని బోధించాలని ఏర్పాటు.

సంస్కృతి పేరిట మౌనం వహిస్తే ఫలం ఏమిటి? పుష్పవతి అయిన కుమార్తెకు శాంతి అవసరమా అని తిథి, నక్షత్రం చెప్పి అడిగే తల్లిదండ్రులు నా వద్దకు వస్తారు. "అమ్మా, బిడ్డకు ఏమి జరిగినదో మీరు వివరించి చెప్పారా?" అని అడిగితే తల వంచుకుంటారు. భయపడిన బిడ్డ మాత్రం మూలన కూర్చుని ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకమునుపే వివాహం జరిగినది. దేశసగటు 23.3 శాతమే. ఆ ముహూర్తాలు పెట్టినవారిలో మా అర్చక పురోహిత వర్గం లేదని చెప్పగలమా?

వ్యక్తి శౌచం సమాజ శౌచంతో ముడిపడినదే. తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న జలంలో మలమూత్ర విసర్జన చేయరాదని, ఉమ్మివేయరాదని వ్రతంగా విధించినది. మేము బాల్యంలో దానిని స్వరయుక్తంగా వల్లించాం. తమ్మిలేరు, బుడమేరు చేరే కొల్లేరు 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు పొందినది. చెరువుల ఆక్రమణలు హెచ్చి, 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తొలగించవలసి వచ్చినది. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో తేలినది. నీరు, ఆహారం, దేహం వేరువేరు కావని ఆ దినాలలో పట్టణమంతా గ్రహించినది. మంత్రం వల్లించి అర్థాన్ని విడిచిన దోషం మాది కాదా?

కనుక ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకలలోనైనా ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పే వేళ ఆస్తికులు అడ్డుపడరాదు. అది గురువు యొక్క ప్రథమ కర్తవ్యమే. ఇంటిలో తల్లిదండ్రులు, ఆలయంలో మేము దానికి తోడుగా నిలవాలి. ఇకపై ముహూర్తం అడిగిన వారిని ముందుగా కన్య వయస్సు అడుగుతాను. 18 నిండకుంటే పంచాంగం విప్పను.

స్వస్తి.