జెముడు కాకి, దాని ఆఫ్రికా బంధువు: ఆర్మూరు పసుపు చేల నుంచి ఒక పోలిక

కోకిల కుటుంబం అనగానే పరాయి గూట్లో గుడ్డు పెట్టి తప్పుకునే పక్షే గుర్తుకొస్తుంది. ఆ కుటుంబంలో ఉన్న సుమారు 150 జాతుల్లో సగానికి పైగా తమ గూడు తామే కట్టుకుంటాయి, పిల్లల్ని తామే సాకుతాయి. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేల గట్ల మీద, చెరువు శిఖాల్లో, పోచంపాడు జలాశయం బ్యాక్‌వాటర్ అంచున తిరిగే జెముడు కాకి ఆ కోవకు చెందినదే. పేరులో కాకి ఉన్నా కాకితో దీనికి చుట్టరికం లేదు. బ్రిటిష్ కాలంలో కొత్తగా వచ్చిన దొరలు దీన్ని వేటకోడి అనుకుని కాల్చి తిన్నారని, రుచి చూశాక నిరాశపడ్డారని చెబుతారు.

శాస్త్రనామం సెంట్రోపస్ సైనెన్సిస్. పొడవు సుమారు 48 సెంటీమీటర్లు, అందులో తోకదే పెద్ద వాటా. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్కలు ఇటుక రంగు, కన్ను ఎరుపు. మగ కోకిలకూ నల్లని ఒళ్లు, ఎర్ర కన్నే గనుక దూరం నుంచి పొరబడేవారున్నారు. రెక్క రంగు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. అసలు చిక్కు చిన్న జెముడు కాకితో, అంటే సెంట్రోపస్ బెంగాలెన్సిస్‌తో వస్తుంది. దాని పొడవు 33 సెంటీమీటర్లే. కన్ను ముదురు గోధుమ రంగు, నలుపులో మెరుపు తక్కువ. పెద్ద జెముడు (అంటే మన జెముడు కాకి) పిల్లల కన్ను కూడా ఎర్రగా ఉండదు, ఒంటి మీద అడ్డచారలుంటాయి. అందుకే చారల పక్షి కనబడితే కన్ను ఒక్కటే చూసి తేల్చకూడదు. పరిమాణం, చిన్న జెముడు వీపు మీద ఉండే లేత నిలువు గీతలు కూడా చూడాలి. ఈ మూడింటిలో ఒక్కటీ రాయకుండా ‘చిన్న జెముడు కనిపించింది’ అని పంపే నమోదును లెక్కలోకి తీసుకోకూడదని నా అభిప్రాయం.

చిన్న జెముడుకు దగ్గరి బంధువు ఆఫ్రికాలో ఉంది. అది నల్ల జెముడు, సెంట్రోపస్ గ్రిల్లీ. సహారాకు దక్షిణాన తడి గడ్డిమైదానాల్లో, బురద నేలల్లో బతుకుతుంది. వానలను బట్టి చోటు మారుతుంది. గుడ్లు పెట్టే కాలంలో తల, ఒళ్లు, తోక నల్లబడి రెక్కలు మాత్రం ఎర్రగా ఉంటాయి. ఆ కాలం దాటితే గోధుమ రంగు గీతల ఈకలతో వేరే పక్షేమో అనిపిస్తుంది. మన పెద్ద జెముడుకు ఇలా రుతువుతో వేషం మార్చే అలవాటు లేదు.

వేషం కన్నా విచిత్రమైనది నల్ల జెముడు సంసారం. టాంజానియాలోని ఉసాంగు చిత్తడి నేలల్లో జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన వోల్ఫ్‌గాంగ్ గోయ్‌మన్ బృందం చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ఆడపక్షి బరువు మగదానికన్నా 69 శాతం ఎక్కువ. హద్దు కాచేది, కూత కూసేది ఆడది. ఒకే సీజనులో అది పలు మగపక్షులతో జతకట్టి, ఒక్కొక్కదానికి గుడ్లు అప్పగిస్తుంది. పొదగడం, మేపడం మగపక్షి పనే. ఆడమగ పాత్రలు ఇలా తారుమారైన పక్షులు మరికొన్ని ఉన్నాయి. మన చెరువుల్లో తామరాకుల మీద నడిచే జకానా అలాంటిదే. కానీ జకానా పిల్ల గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే నడిచి మేత వెతుక్కుంటుంది. నల్ల జెముడు పిల్ల అలా కాదు. కళ్లు తెరవని స్థితిలో గూట్లో పడి ఉంటుంది, నోటికి అందిస్తేనే బతుకుతుంది. నిస్సహాయంగా పుట్టే పిల్లలున్న జాతుల్లో ఇలాంటి బహుభర్తృక సంసారం ఇదొక్కదానిలోనే నమోదైంది.

బురద నేలలో పురుగూ పుట్రా దండిగా దొరుకుతాయి కాబట్టి ఒక్క పక్షే పిల్లల్ని పెంచగలుగుతోందని ఒక వివరణ ఉంది. అది సగమే ఒప్పుతుంది. ఆ పక్కనే ఉండే తెల్లకనుబొమ్మ జెముడులో తల్లీతండ్రీ కలిసే పిల్లల్ని పెంచుతారు. చుట్టూ ఉన్న మేత ఒకటే అయినా సంసారాలు వేరయ్యాయి. నల్ల జెముడులో మగవాటి సంఖ్య ఎక్కువగా ఉండడం కూడా కారణమని తర్వాతి పరిశోధనలు సూచించాయి.

పెద్ద జెముడు పద్ధతి తెల్లకనుబొమ్మ జెముడుకే దగ్గర. తమిళనాడు పాయింట్ కాలిమేర్‌లో వి. నటరాజన్ చేసిన అధ్యయనమే మనకు ఆధారం. గూడు కట్టడంలో ఎక్కువ పని మగదే. పొద లోపల గుబురుగా, పైకప్పుతో గూడు ఉంటుంది. 3 నుంచి 5 తెల్లని గుడ్లు, పొదిగే కాలం 15-16 రోజులు. పిల్లలు సుమారు 3 వారాలకు గూడు వదులుతాయి. నత్తలు, గొంగళి పురుగులు, బల్లులు, చిన్న పాములు, ఇతర పక్షుల గుడ్లు దీని ఆహారం. ఎగరడం అంతంత మాత్రమే. నేల మీద నడుస్తూ, కొమ్మల్లో పాకుతూ వెతుక్కుంటుంది.

అలాంటి పక్షికి నీటికన్నా ముఖ్యం చాటు. ఆర్మూరులో జూన్‌లో పసుపు విత్తుతారు. వానలు ముదిరేసరికి ఆకు కమ్ముకుని నేల కనబడదు. జెముడు కాకి గూళ్లు కట్టేదీ ముఖ్యంగా ఆ వానల నెలల్లోనే. జనవరి వస్తే ఆకు కోసి, దుంప తవ్వి, కొమ్ములు ఉడకబెట్టే పని మొదలై చేను బోసిపోతుంది. గూటికి మాత్రం చేను సరిపోదు. గట్టు మీది తుమ్మ, ఈత, ముళ్లపొదలు, చెరువు అంచున తుంగ, జమ్ము ఉండాలి. వాటిని పిచ్చిమొక్కలుగా లెక్కగట్టి తగలబెట్టడం, యంత్రంతో చదును చేయడం వల్ల ఈ పక్షికి జరిగే నష్టం పురుగుమందు నష్టానికి తక్కువేమీ కాదని నా అంచనా.

పోచంపాడు బ్యాక్‌వాటర్‌కు దుర్భిణీతో వెళ్లేవారు నీటి మీది బాతులను, కొంగలను లెక్కపెట్టి వెనుదిరుగుతుంటారు. ఒక గంట గట్టు పొదల వైపూ తిరగండి. జెముడు కాకి కనబడితే కంటి రంగు, వీపు గీతలు, గూడు ఏ పొదలో ఉంది, మేత తెచ్చేది ఒక పక్షా రెండా, రాసి పెట్టండి. రైతులను కోరేది ఒక్కటే: గట్టు మీది పొదను కొట్టాలనుకుంటే గూళ్ల కాలం దాటేదాకా, దీపావళి వరకైనా, ఆగండి.