స్నానాల గదికీ ఒక చరిత్ర

చరిత్ర అనగానే కోటలు, రాజులు, శాసనాలు కళ్ళ ముందు నిలుస్తాయి. ఇంట్లో ఒక మూలనుండే స్నానాల గదికి కూడా చరిత్ర ఉన్నదంటే నవ్వేవారుంటారు. కాని ఒక జాతి ఎలా బ్రతికిందో తెలియాలంటే గుడినీ, వంటింటినీ చూసినట్టే స్నానపు చోటునూ చూడాలి. గుళ్ళ గురించి, వంటల గురించి సంచికలలో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. మూడవది మిగిలిపోయింది. జిదాఫ్స్‌లో మేముంటున్న ఇంటి స్నానాల గదిని తిరిగి కట్టించే ఆలోచన వచ్చినప్పటి నుంచి ఆ లోటు కొంతైనా తీర్చాలనిపించింది.

టైల్స్ రంగు, కుళాయిల రకం ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిదని మా అభిప్రాయం. నీరు ఎక్కడి నుంచి వస్తున్నది? ఎక్కడికి పోతున్నది? ఆ గదిలో స్నానం చేసేదెవరు? ఈ మూడింటికీ జవాబులు చరిత్రలోనే ఉన్నాయి.

మొదటిది నీటి రాక. జిదాఫ్స్ మనామాకు పడమట ఉన్న పాత ఊరు. ఈ ఉత్తర తీరమంతా ఒకప్పుడు ఊటనీటితో పెరిగిన ఖర్జూర తోటలే. సముద్రం అడుగున కూడా మంచినీటి బుగ్గలుండేవి. మునిగి తోలుతిత్తులలో ఆ నీరు పట్టి పైకి తెచ్చేవారు. జిదాఫ్స్‌కు పడమటనున్న బార్బార్ గ్రామంలో డెన్మార్క్ పురావస్తు శాస్త్రజ్ఞులు 1954లో ఒక ప్రాచీన ఆలయాన్ని కనుగొన్నారు. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఆ కట్టడంలో రాతిమెట్లు దిగి వెళితే ఊటబావి కనిపిస్తుంది. భూమి కింది తియ్యని నీటికి అధిదేవతగా సుమేరియన్లు కొలిచిన ఎన్కీ ఆలయమది కావచ్చునని పండితుల ఊహ. గంగమ్మను కొలిచే మనకు ఇది వింతగా తోచదు.

ఈ దీవిలో ఐన్ అదారి అనే పెద్ద ఊట ఉండేది. దాని నీరు కాలువల వెంట దూరపు తోటలకు పోయేది. పక్కనున్న నేలకు అందేది కాదు. అందుకే అయినవారిని వదిలి పరాయివారికి పెట్టే మనిషిని ఇక్కడివారు అదారితో పోలుస్తారు. కన్న ఊరిని వదిలి వచ్చిన కుటుంబాలకు ఈ సామెత కాస్త గుచ్చుకుంటుంది.

1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజీలాండు దేశస్థుడు ఇక్కడ నీటి బావులు తవ్వించి మెప్పు పొందాడు. ఆ మెప్పే ఆయనకు చమురు అన్వేషణ హక్కు తెచ్చిపెట్టింది. 1932లో చమురు పడింది. ఆ వెనుక జనం పెరిగారు, బోర్లు పెరిగాయి. నేలలోని నీటిమట్టం తగ్గి, ఉప్పు పైకెక్కింది. ఊటలు ఒక్కొక్కటే ఎండిపోయాయి, అదారి కూడా మిగలలేదు. 1975లో సిత్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం వచ్చింది. 1984లో రాస్ అబూ జర్జూర్‌లో నేలలోని ఉప్పునీటిని శుద్ధి చేసే కేంద్రం మొదలయింది. అంటే మనం తలమీద పోసుకునే చెంబెడు నీటి వెనుక ఎంతో ఇంధనం ఖర్చయి ఉంటుంది. కుళాయి విప్పి వదిలేసే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

ఇందులోంచి ఒక చిన్న జాగ్రత్త కూడా తెలుస్తుంది. ఎండాకాలంలో మిద్దెమీది ట్యాంకు నీరు కాగులో కాచినట్టే దిగుతుంది. అందుకే చాలా ఇళ్ళలో గీజరు ఆపేసి, లోపల చల్లబడిన నీటిని వేడినీళ్ళ కుళాయి నుంచి పట్టుకుంటారు. కనుక కొత్త గది ఆలోచన మిద్దె మీద మొదలుకావాలి. ముందు ట్యాంకుకు నీడ, గొట్టాలకు వేడి తగలని తొడుగు. తరువాతే లోపలి సింగారం.

రెండవది నీటి పోక. మొహంజొదారో ఇళ్ళలో నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే ఇటుకలు పరచిన స్నానపు గదులుండేవి. నేల ఒక మూలకు వాలుగా ఉండి, నీరు తూము గుండా వీధి కాలువలో పడేది. ఆ సింధు ప్రజలకూ ఈ దీవికీ వ్యాపారముండేది. జిదాఫ్స్‌కు దగ్గరలోనే ఉన్న బహ్రెయిన్ కోట దిబ్బలో సింధు కొలమానానికి సరిపోయే తూకపు రాళ్ళు దొరికాయి. ఆ దిబ్బను 2005లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. సింధు మేస్త్రీ పాటించిన సూత్రమే ఈనాటికీ సూత్రం. నేల మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్లైనా తూము వైపు వాలాలి. టైల్స్ కింద నీరు దిగని పూత వేయించి, ఒక రోజంతా నీరు నిలబెట్టి, కింది వాటాలో చెమ్మ కనపడలేదని తేల్చుకున్నాకే టైల్స్ పరిపించాలి.

తూము కింది వంపులో నిలిచే నీరే దుర్వాసనను ఆపుతుంది. సెలవులకు స్వదేశం వెళ్ళి నెల తరువాత తలుపు తీస్తే వాసన, బొద్దింకలు ఎదురవడం మనలో చాలామందికి అనుభవమే. ఆ నీరు ఎండిపోవడమే కారణం. బయలుదేరే ముందు తూములో చెంబెడు నీళ్ళు, ఒక చెంచా నూనె పోస్తే చాలు.

ఈ దీవి మురుగునీటిని శుద్ధి చేసే తూబ్లీ కేంద్రం 1982లో వచ్చింది. అక్కడ మన ఊళ్ళలో ఇంటి మలినాన్ని సాటి మనిషి నెత్తిమీద మోసిన కాలం ఎంతో దూరం కాదు. పాకీదొడ్లను నిషేధిస్తూ భారత పార్లమెంటు 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం చేసింది. కోలారు బంగారు గనుల ఊరిలో పుట్టి, ఈ అన్యాయంపై పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం లభించింది. మీట నొక్కితే నీరు పారే సౌకర్యాన్ని మనం కేవలం దర్జాగా భావించరాదు.

మూడవది మనుషులు. మన పెద్దల ఇళ్ళలో దొడ్లో నాపరాతి బండ, పక్కన నీళ్ళ కాగు, కూర్చోవడానికి పీట ఉండేవి. పారిన నీరు అరటిపాదుకు చేరేది. పండుగనాడు నువ్వులనూనె, సున్నిపిండి, కుంకుడు రసం. బాలింత ఇంట అమ్మమ్మ కాళ్ళు చాచుకొని, పసిబిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది. వీటన్నిటికీ కావలసింది కూర్చునే జాగా. అద్దె ఇళ్ళలో ఆ జాగాను తొట్టి ఆక్రమించింది. ఊరినుంచి వచ్చిన మా అమ్మగారు దాని అంచు దాటలేక, రెండు నెలలూ వాష్‌బేసిన్ పక్కనే నిలబడి స్నానం ముగించుకున్నారు. ఇదే బహ్రెయిన్ కోట దిబ్బలో స్నానపు తొట్టి ఆకారపు శవపేటికలు బయటపడ్డాయని చెబితే, "వాళ్ళకు తొట్టి దేనికో తెలుసురా" అని ఆవిడ నవ్వారు.

అద్దె ఇల్లు గనుక యజమానిని అడగాలి. మా యజమాని తన తల్లికి కూడా అదే ఇబ్బంది అని చెప్పి ఒప్పుకున్నారు. తొట్టి తీసేసి జారని టైల్స్, పీటకు చోటు, గోడకు పట్టుకునే కడ్డీ, కుంకుడు పిప్పి అడ్డుపడకుండా తీసి కడుక్కోగల జల్లెడ ఉన్న వెడల్పు తూము పెట్టించాలని నిర్ణయించుకున్నాము. ఖర్చులో ఎక్కువ భాగం కంటికి కనపడని పూతకు, గొట్టాలకే పోతుందని మేస్త్రీ లెక్క చెప్పాడు. పోనివ్వండి.

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు తలంటు అన్నది పండుగ కథలలోని మాటగా మిగలకూడదంటే, అందుకు నాలుగు అడుగుల నేల విడిచిపెట్టాలి. ఇల్లు బాగుచేయించే ప్రతి తెలుగు కుటుంబమూ ముందుగా ఇంటిలోని పెద్దవారిని, పసివారిని తలచుకొని, ఆ తరువాత కొలతలు తీయించాలని మనవి.