నిలిచే లెక్క, నిలబెట్టే లెక్క



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. పే రివిజన్ గురించి, కరువు భత్యం బకాయిల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే దారి పట్టాను. రైల్వే స్టేషనే లేని మా జూలూరుపాడులో కూర్చుని, పట్టాను తాకకుండా పరుగెత్తే రైలు చరిత్ర రాయబోతున్నాను. జీవితమంతా ఫైళ్లు మోసిన గుమాస్తాకు ఈ శాస్త్రం గోల ఎందుకని నవ్వుకోకండి. దీనికి కారణం పదో తరగతి చదివే మా మనుమరాలు.

ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల విద్యుదయస్కాంతత్వం పాఠంలో ఒక లెక్క చేస్తూ కూర్చుంది. ఒక మీటరు పొడవు, 50 గ్రాముల బరువు ఉన్న తీగ. దాని చుట్టూ 0.5 టెస్లాల అయస్కాంత క్షేత్రం. తీగ గాలిలో నిలవాలంటే ఎంత కరెంటు పంపాలి? తీగను కిందికి లాగే బలం 0.49 న్యూటన్లు. పైకి ఎత్తే బలం క్షేత్రం, కరెంటు, పొడవుల లబ్ధం. రెండూ సమానం చేస్తే జవాబు 0.98 ఆంపియర్లు, అంటే ఇంచుమించు ఒక ఆంపియరు. లెక్క కింద, మాగ్లెవ్ రైలు పనిచేసేది అయస్కాంత బలం వల్లనేనని ఒక వాక్యం కూడా ఉంది.

"తాతయ్యా, ఇంత సులువైతే అన్ని రైళ్లూ ఎందుకు తేలడం లేదు?" అని అడిగింది. బడిలో అడిగితే అది సిలబస్‌లో లేదన్నారట. నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకుని, ఆ వేసవంతా ఇద్దరం కలిసి పుస్తకాలు తిరగేశాం. దొరికినదాన్ని మీ ముందు పెడుతున్నాను.

1820లో డెన్మార్క్ దేశస్థుడు ఆర్‌స్టెడ్, కరెంటు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. 1831లో ఇంగ్లండులో ఫారడే, అయస్కాంత క్షేత్రం మారితే తీగలో కరెంటు పుడుతుందని నిరూపించాడు. మన పాల్వంచ థర్మల్ కేంద్రంలో సింగరేణి బొగ్గుతో తిరిగే జనరేటర్లు పనిచేసేది ఆ సూత్రం మీదనే. 1834లో లెంజ్, అలా పుట్టిన కరెంటు తనకు కారణమైన మార్పును ఎదిరిస్తుందని చెప్పాడు. తేలే రైలుకు కావలసిన శాస్త్రం దాదాపు అంతా అప్పటికే మనిషి చేతికి వచ్చేసింది.

కాని 1842లో ఎర్న్‌షా అనే ఆంగ్లేయుడు గణితంతో ఒక అడ్డంకి చూపించాడు. మామూలు శాశ్వత అయస్కాంతాలను ఎన్ని రకాలుగా అమర్చినా, వాటి బలం ఒక్కటే ఆధారంగా ఒక వస్తువు గాలిలో స్థిరంగా నిలవదు. ఏదో ఒక వైపుకు జారిపోతుంది. మా మనుమరాలి లెక్కలో లేనిది ఇదే. బలం బరువుకు సమానం కావడం ఒక సంగతి, ఆ సమానత్వం చెడకుండా ఉండడం ఇంకొక సంగతి. సూది మొన మీద బియ్యపు గింజను నిలబెట్టే లెక్క కూడా కాగితం మీద సరిపోతుంది.

ఎత్తే బలానికి ఎన్నడూ కొరత లేదు. 50 టన్నుల పెట్టెను ఎత్తాలంటే 4,90,000 న్యూటన్లు కావాలి. ఒక టెస్లా క్షేత్రం ఉన్న విద్యుదయస్కాంతం చదరపు మీటరుకు సుమారు 4,00,000 న్యూటన్లతో ఇనుమును లాగుతుంది. అంటే చదరపు మీటరుంబావు, ఇంచుమించు మన ఇంటి తలుపు రెక్కంత చోటు చాలు. చిక్కంతా తర్వాతే.

1914లో బాష్లే అనే ఆయన లండన్‌లో తేలే బండి నమూనాను ప్రదర్శించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. దారి పొడవునా తీగచుట్టలు పెట్టి, వాటిలో ఏకాంతర విద్యుత్తు పంపి, అల్యూమినియం అడుగున్న బండిని లేపాడు. అయితే దానికి విపరీతంగా కరెంటు కావలసి వచ్చింది. ఆ ఏడే ప్రపంచ యుద్ధం కూడా వచ్చిపడింది. తర్వాత 1934లో జర్మనీలో హెర్మన్ కెంపర్ విద్యుదయస్కాంతాల మీద తేలే వాహనానికి పేటెంటు పొందాడు.

జర్మన్ల పద్ధతిలో బండి చేతులు దారి అంచుల కిందుగా చుట్టుకుని ఉంటాయి. ఆ చేతుల్లోని అయస్కాంతాలు పైనున్న ఇనుము వైపు ఆకర్షించబడి బండిని ఎత్తుతాయి. మధ్య ఖాళీ సుమారు 10 మిల్లీమీటర్లు. కరెంటు మార్చకుండా ఉంచితే, ఆ ఖాళీ 8 మిల్లీమీటర్లకు తగ్గగానే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, బండి ఇనుముకు అతుక్కుంటుంది. 12 మిల్లీమీటర్లకు పెరిగితే బలం మూడింట రెండు వంతులకు పడిపోతుంది, బండి జారుతుంది. కాబట్టి సెకనుకు వేలసార్లు ఖాళీని కొలిచి, కరెంటును పెంచుతూ తగ్గిస్తూ ఉండే కాపలా కావాలి. కెంపర్ ఆలోచన పెద్ద బండిగా మారడానికి ఎలక్ట్రానిక్స్ ఎదిగేదాకా ఆగవలసి వచ్చింది అందుకే.

జపాన్ వారిది వికర్షణ పద్ధతి. 1911లో కామర్లింగ్ ఓన్స్, మైనస్ 269 డిగ్రీల చలిలో పాదరసం కరెంటుకు ఏ నిరోధమూ చూపదని కనిపెట్టాడు. అలాంటి అతివాహక తీగలతో చేసిన బలమైన అయస్కాంతాలను బండిలో పెడితే, అది పరుగెత్తేటప్పుడు దారి పక్క తీగచుట్టల్లో కరెంటు పుట్టి, లెంజ్ చెప్పినట్టే ఎదిరించి, బండిని సుమారు 10 సెంటీమీటర్లు పైకి లేపుతుంది. 1960లలో అమెరికాలో పావెల్, డాన్బీ ఈ మార్గం సూచించారు. ఇక్కడ స్థిరత్వం దానంతటదే వస్తుంది గాని, వేగం అందుకునేదాకా చక్రాలు కావాలి. 2015 ఏప్రిల్ 21న యమనాషి పరీక్షా మార్గం మీద ఆ రైలు గంటకు 603 కిలోమీటర్ల వేగం అందుకుంది.

ఇక ప్రయాణికుల రైళ్ల సంగతి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విమానాశ్రయం దగ్గర 1984లో 600 మీటర్ల దారి మొదలైంది. విడిభాగాలు దొరకక 1995లో మూతపడింది. షాంఘైలో 30 కిలోమీటర్ల దారి 2002 చివర ప్రారంభమైంది. దాని మీద 431 కిలోమీటర్ల వేగంతో కూడా నడిపారు. మన తెలుగు నేల మీద 2017 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ, అమెరికాకు చెందిన ఒక సంస్థ కలిసి విజయవాడ నుంచి అమరావతికి హైపర్‌లూప్ వేయాలని అవగాహన పత్రం రాసుకున్నాయి. అది గాలి తీసేసిన గొట్టంలో అయస్కాంతాల మీద తేలే పెట్టె. గంటకు పైగా పట్టే దారిని ఆరు నిమిషాల్లో దాటవచ్చన్నారు. ఆ పత్రం కాగితం దాటి రాలేదు.

అన్నింటికంటే నన్ను కదిలించింది జర్మనీలో లాథెన్ దగ్గర జరిగిన ప్రమాదం. 2006 సెప్టెంబరు 22న పరీక్షా మార్గం మీద తేలే రైలు గంటకు సుమారు 170 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, దారి శుభ్రం చేసే పనివాళ్ల బండిని ఢీకొట్టింది. 23 మంది చనిపోయారు. అయస్కాంతాలు తప్పు చేయలేదు, కరెంటు పోలేదు. రైలును కాపాడే యంత్ర వ్యవస్థలో పనివాళ్ల బండి లెక్కలో లేదు. ఆ బండి ఇంకా దారి మీదే ఉండగా రైలుకు అనుమతి ఇచ్చేశారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చనిపోయిన ఒక ఉద్యోగి భార్యకు రావలసిన కుటుంబ పింఛను కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించకుండా, రేపు చూద్దామని ఇంకో ఫైలులో పెట్టాను. నిబంధన ఉంది, అర్హత ఉంది, మంజూరు చేసే అధికారి ఉన్నారు. అన్నీ సమానంగానే ఉన్నా ఆవిడకు డబ్బు నాలుగు నెలలు ఆలస్యంగా అందింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రిజిస్టరులో ఒక్క వరుస నేను చేయవలసిన కాపలా.

ఈ సంగతి మనుమరాలికి కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ రైలు మన ఊరికి రాదా?" అంది. మా ప్రాంతానికి మామూలు రైలు వచ్చిందే బొగ్గు కోసమని చెప్పాను. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. పట్టాలు గనుల వెంట నడిచాయి. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు గాని, రాముడి దర్శనానికి అక్కడ దిగి ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు పోవాలి. రైలు ఎక్కడికి రావాలో చెప్పేది భౌతికశాస్త్రం ఒక్కటే కాదు. అవసరమూ, ఖర్చూ కూడా చెబుతాయి.

ఆ పిల్ల తన నోటుపుస్తకంలో 0.98 ఆంపియర్లు అన్న జవాబు కింద ఒక వాక్యం రాసుకుంది: ఇది తీగ బరువుకు సమానమైన బలం మాత్రమే, తీగ నిలవాలంటే ఎవరో చూస్తూ ఉండాలి. పరీక్షలో దానికి మార్కులు రావేమో. నాకు మాత్రం నా ఉద్యోగమంతా ఆ వాక్యంలో కనిపించింది.

వ్యాసంలో పొరపాట్లు ఉంటే పెద్దలు సరిదిద్దగలరని ప్రార్థన.