యుద్ధకాలపు విజయాల విలువ: హాల్ న్యూహౌజర్ క్రీడాజీవితం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండవ ప్రపంచయుద్ధకాలపు అమెరికన్ బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పిచర్ హాల్ న్యూహౌజర్. మేటి ప్రత్యర్థులు లేని కాలంలో దక్కినవంటూ అతని విజయాలను తక్కువచేసి చూడడం పరిపాటి. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో గణాంకాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. ప్రవేశిక:
యుద్ధకాలంలోనూ బేస్‌బాల్ కొనసాగడమే దేశానికి మేలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 జనవరి 15న కమిషనర్ లాండిస్‌కు లేఖ రాశాడు. ఆట ఆగలేదు గాని ఆటగాళ్లు సైన్యంలో చేరారు. బాబ్ ఫెల్లర్, టెడ్ విలియమ్స్, జో డిమాజియో వంటి మేటి క్రీడాకారులు 1943 నాటికే మైదానాలకు దూరమయ్యారు. 1945లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టులో కుడిచేయి లేని పీట్ గ్రే ఆడాడు. లీగ్ స్థాయి తగ్గిందనడానికి దీనిని తరచు ఉదాహరిస్తారు.

2. తొలిదశ:
న్యూహౌజర్ 1921లో డెట్రాయిట్‌లో జన్మించాడు. ఎడమచేతితో బంతి విసిరే ఇతడు 1939లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సొంత నగరపు జట్టు డెట్రాయిట్ టైగర్స్ తరఫున బరిలోకి దిగాడు. గుండెలోపం కారణంగా సైన్యం అతనిని తీసుకోలేదు. 1943 చివరికి అతని ఖాతాలో 34 విజయాలు, 52 పరాజయాలు ఉన్నాయి. బంతిలో వేగం ఉన్నా గురి కుదరలేదు. కోపం అదుపులో ఉండేది కాదు.

3. శిఖరదశ:
1944లో 29, 1945లో 25 విజయాలు సాధించి, రెండేళ్లూ అమెరికన్ లీగ్ ‘అత్యంత విలువైన ఆటగాడు’ పురస్కారం అందుకున్నాడు. వరుసగా రెండుసార్లు దానిని పొందిన పిచర్ ఇతడొక్కడే. 1945 వరల్డ్ సిరీస్‌లో షికాగో కబ్స్‌తో జరిగిన నిర్ణాయక ఏడవ ఆటనూ గెలిపించాడు.

4. పరిశీలన:
ప్రత్యర్థుల బలహీనతే ఈ విజయాలకు కారణమైతే, మేటి ఆటగాళ్లు లేని 1943లోనే అవి కనిపించాలి. ఆ ఏడాది అతడు 8 ఆటలు గెలిచి 17 ఓడాడు. మారినది అతని గురి. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ దక్కుతుంది. దీనినే ‘వాక్’ అంటారు. 1943లో సుమారు 195 ఇన్నింగ్స్‌లో 111 వాక్‌లు ఇచ్చిన న్యూహౌజర్, 1944లో 312 ఇన్నింగ్స్‌లో 102 మాత్రమే ఇచ్చాడు. అనుభవజ్ఞుడైన క్యాచర్ పాల్ రిచర్డ్స్ శిక్షణ ఈ మార్పుకు తోడ్పడింది.

మేటి ఆటగాళ్లు తిరిగివచ్చిన 1946 అసలైన పరీక్ష. ఆ ఏడాది అతడు ఫెల్లర్‌తో సమానంగా 26 విజయాలు సాధించాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటులో 1.94తో లీగ్‌లో ప్రథముడయ్యాడు. 1948లో 21 విజయాలతో మళ్లీ అగ్రస్థానంలో నిలిచాడు.

5. ముగింపు:
1944 నాటి 29 విజయాలలో లీగ్ బలహీనత పాత్ర అసలు లేదనలేము. అయితే 1943 పరాజయాలను, 1946 విజయాలను పక్కన పెట్టి ఆ రెండేళ్లనే చూడడం వల్ల అతనికి న్యాయం జరగలేదు. మొత్తం 207 విజయాలతో 1955లో ఆట ముగించిన న్యూహౌజర్‌కు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం 1992లో గాని దక్కలేదు. యుద్ధకాలపు క్రీడాగణాంకాలను ముందువెనుక సంవత్సరాలతో కలిపి చదవాలని ఈ జాప్యం సూచిస్తుంది.